ఆట పుట్టకముందు ఎక్కడుంది?

మన తత్త్వశాస్త్రంలో సాంఖ్యులకూ, న్యాయదర్శనం చెప్పే నైయాయికులకూ మధ్య వెయ్యేళ్లకు పైగా నడిచిన తగవు ఒకటుంది. కుండ పుట్టకముందు మట్టిలో ఉందా, లేదా? ఉందంటారు సాంఖ్యులు, లేదంటారు నైయాయికులు. మొదటిది సత్కార్యవాదం, రెండోది అసత్కార్యవాదం. వినడానికి పండితులు పొద్దుపోక పెట్టుకున్న పంచాయితీలా ఉంటుంది కానీ, దాదాపు ఇదే తగవు 1970లలో షికాగోలోని ఫెడరల్ కోర్టుకెక్కింది. అక్కడ మట్టి స్థానంలో టెలివిజన్ సెట్టు ఉంది, కుండ స్థానంలో వీడియో గేమ్ ఉంది. మాగ్నవాక్స్ కంపెనీ 1972లో ‘ఒడిస్సీ’ అనే పెట్టెను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ఇంట్లోని టీవీకి తగిలించుకుని ఆడే యంత్రాల్లో జనం డబ్బిచ్చి కొనుక్కున్న మొదటిది అదే. దాని వెనకున్న పేటెంట్లు చెల్లుతాయా అన్నది వ్యాజ్యం. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు నిజంగా కొత్తదాన్ని పుట్టించాడా, లేక అప్పటికే ఉన్నదాన్ని బయటికి తీశాడా అన్నది దాని అసలు సారం. కోర్టు లైసెన్సు ఫీజుల లెక్క కోసం ఆ సంగతి తేల్చింది. మనకు ఆ డబ్బుతో పనిలేదు. అయినా కొత్తది పుట్టడమంటే ఏమిటన్న ప్రశ్నకు కుండ కన్నా ఈ పెట్టె మంచి పరీక్ష. లోకంలో మొదటి కుండ ఎప్పుడు, ఎవరి చేతిలో పుట్టిందో ఎవరికీ తెలియదు. దీని పుట్టుకకు తేదీలున్నాయి, కాగితాలున్నాయి, బోనెక్కి చెప్పిన సాక్ష్యాలున్నాయి. వాటిని చూస్తే నైయాయికులదే పైచేయి అని నేనంటాను. అక్కణ్నుంచి వాళ్లు వేసిన ఇంకో అడుగు మాత్రం చెల్లదని కూడా అంటాను.

ముందు సంగతి చూద్దాం. బేర్ 1922లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీల మూకలు యూదుల దుకాణాల మీద, ప్రార్థనాలయాల మీద పడటానికి కొద్దికాలం ముందు, 1938లో, ఆ కుటుంబం అమెరికాకు తప్పించుకుని వచ్చింది. యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, తర్వాత షికాగోలో టెలివిజన్ ఇంజనీరింగ్ చదివాడు. 1951లో లోరాల్ కంపెనీలో టీవీ సెట్టు తయారీ పనిలో ఉండగా, సెట్టులోనే ఏదైనా ఆట కూడా పెడదామని పైవాళ్లకు చెప్పాడు. వాళ్లు కొట్టిపారేశారు. పదిహేనేళ్లు గడిచాయి. 1966 ఆగస్టు ఆఖరున న్యూయార్క్‌లో ఒక బస్ స్టేషన్ దగ్గర తోటి ఉద్యోగి కోసం ఎదురుచూస్తూ అదే ఆలోచనను మళ్లీ పట్టుకున్నాడు. మర్నాడు దాన్ని నాలుగు పేజీలుగా రాశాడు. అప్పటికి అతను నాషువా పట్టణంలో సాండర్స్ అసోసియేట్స్ అనే సంస్థలో ఒక విభాగానికి పెద్ద. ఆ సంస్థ చేసేది సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాలు. బొమ్మలతో ఆటలతో దానికి ఏ సంబంధమూ లేదు. బిల్ హారిసన్ అనే టెక్నీషియన్ సర్క్యూట్లు కట్టాడు. బిల్ రష్ అనే ఇంజనీరు 1967లో వచ్చి చేరి, తెర మీద ఆటగాళ్లిద్దరూ కదిపే రెండు చుక్కలు చాలవు, యంత్రమే నడిపే మూడో చుక్క కూడా ఉండాలన్నాడు. ఆ మూడోది బంతి అయింది. అంతకుముందు చుక్కను చుక్క తరమడం తప్ప పెద్దగా ఏమీ లేని తెర మీద టేబుల్ టెన్నిస్ మొదలైంది. 1968 నాటికి సిద్ధమైన నమూనాకు చెక్కలా కనబడే గోధుమరంగు అతుకుడు కాగితం చుట్టారు. బ్రౌన్ బాక్స్ అని పిలిచే ఆ నమూనా ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఈ కథ విన్న సాంఖ్యుడు ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో సత్కార్యవాదానికి చెప్పిన హేతువుల సారం ఇది: లేనిదాన్ని ఎవరూ పుట్టించలేరు. ఏ వస్తువు కావాలంటే దానికి తగిన ద్రవ్యాన్నే వెతుక్కుంటాం. అన్నిటి నుంచీ అన్నీ రావు. శక్తి ఉన్నది కూడా తనకు చేతనైన పనినే చేస్తుంది. కార్యం కారణం కన్నా వేరు కాదు. నూనె కావలసినవాడు గానుగలో నువ్వులు పోస్తాడు కానీ ఇసుక పోయడు. టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ల ధార ఒకటి తెర వెనక తగులుతుంది. అది తెరంతా వరసగా తిరుగుతుంటే, ఎక్కడ వెలగాలో సంకేతం చెబుతుంది. ఆ సంకేతం పగ్గాలు బ్రాడ్‌కాస్టింగ్ స్టేషన్ చేతిలో ఉంటే అది వార్త, సినిమా. చూసేవాడి చేతికిస్తే అదే ఆట. ఆ శక్తి గొట్టంలో మొదటినుంచీ ఉన్నదే. అందుకే వేర్వేరు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లకు అదే నూనె దిగింది. గోల్డ్‌స్మిత్, మాన్ అనే ఇద్దరు 1947లోనే ఇలాంటి గొట్టంతో వెలుగుచుక్కను గురికి కొట్టే ఆటకు పేటెంటు దరఖాస్తు పెట్టారు. 1958లో బ్రూక్‌హేవెన్ అణు ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్, చూడవచ్చిన జనానికి కాలక్షేపంగా ఉంటుందని, ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆడించాడు. 1962లో ఎం.ఐ.టి. కుర్రాళ్లు లక్ష డాలర్లు దాటే కంప్యూటర్ మీద అంతరిక్ష యుద్ధం నడిపారు. ఇంతమందికి కనబడింది గొట్టంలో ముందే లేకపోతే ఎలా కనబడుతుంది? వాదం బలమైనదే. పేటెంటు కోర్టుల్లో ప్రతివాదుల లాయర్లు తెలియకుండానే సాంఖ్యులైపోవడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి నైయాయికుల జవాబు ఒక ఇరకాటపు ప్రశ్న. కుండ మట్టిలో ముందే ఉంటే కుమ్మరి చేసిందేమిటి? ఉన్నదాన్ని వ్యక్తం చేశాడని సాంఖ్యుడంటాడు. సరే, ఆ వ్యక్తం కావడమనేది ముందే ఉందా, లేదా? ముందే ఉంటే కుమ్మరి అక్కర్లేదు. ముందు లేకపోతే, లేనిదొకటి కొత్తగా పుట్టిందని నువ్వే ఒప్పుకున్నావు. ఈ ఇరకాటం నుంచి సాంఖ్యుడు తప్పించుకున్న దారి నాకు ఎక్కడా కనబడలేదు. బేర్ విషయంలో ఇది మరీ సూటిగా తగులుతుంది. 1951లో అతనికి టీవీ గురించి తెలియనిదేమీ లేదు, ఆట ఆలోచన కూడా ఉంది. అయినా ఆట లేదు. 1966కీ 1951కీ మధ్య గొట్టం స్వభావం మారలేదు. టీవీలు తయారుచేసే కంపెనీలకే బ్రౌన్ బాక్స్‌ను చూపించినప్పుడు ఏమైందో కూడా చూడండి. ఆర్‌.సి.ఎ., జనరల్ ఎలక్ట్రిక్, జెనిత్, సిల్వేనియా, అందరూ చూశారు, బాగుందన్నారు, వెళ్లిపోయారు. ఆర్‌.సి.ఎ.తో బేరం ఒప్పందం దాకా వచ్చి తప్పిపోయింది. ఆర్‌.సి.ఎ. తరఫున ఆ ఆటను చూసిన బిల్ ఎండర్స్ అనే మనిషి ఉద్యోగం మారి మాగ్నవాక్స్‌లో చేరి, అక్కడ పట్టుబట్టబట్టి 1971లో ఒప్పందం కుదిరింది. నువ్వుల వ్యాపారంలోనే తలపండినవాళ్లు గానుగ ఎదుట నిలబడి కూడా నూనె చూడలేదన్నమాట. ముందే ఉన్నదైతే వాళ్లకే ముందు కనబడాలి.

మరి ఇసుక నుంచి నూనె ఎందుకు రాదు? నైయాయికుడు దీనికి ప్రాగభావం అనే భావనతో సమాధానం చెబుతాడు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు, కార్యాన్ని దాని ప్రాగభావంతోనే నిర్వచించాడు: ఏది పుట్టకముందు దాని లేమి ఉండి, పుట్టగానే ఆ లేమి తీరుతుందో అది కార్యం. ఈ లేమి ఎక్కడపడితే అక్కడ ఉండదు. బట్ట లేమి దారాల్లో ఉంటుంది, రాళ్లలో ఉండదు. కాబట్టి టీవీ సెట్టులో ఆట లేదనడం, రుబ్బురోలులో ఆట లేదనడం ఒకటి కావు. మొదటిది తీరగల లేమి, రెండోది తీరనిది. సాంఖ్యుడు శక్తి అని పిలిచేదాన్ని నైయాయికుడు తీరగల లేమి అంటున్నాడు, ఇందులో పెద్ద తేడా ఏముందని ఎవరైనా అడగొచ్చు. తేడా కర్త దగ్గర వస్తుంది. శక్తి అన్నప్పుడు పని సగం అయిపోయి ఉంది, మనిషి తలుపు తీసేవాడు మాత్రమే. లేమి అన్నప్పుడు పని అంతా మిగిలే ఉంది. మొదట ఆ లేమిని లేమిగా చూసే మనిషి కావాలి. కోట్లమంది టీవీ ముందు కూర్చున్నారు కానీ, ఇందులో ఆడుకోవడానికి లేదే అన్న వెలితి వాళ్లను బాధించలేదు.

సాంఖ్యుడికి అన్నిటికన్నా అనుకూలమైన సాక్ష్యం ఒడిస్సీ పెట్టెలోనే ఉంది కనుక దాన్ని దాచకుండా దగ్గరగా చూడాలి. వంద డాలర్ల లోపు ధరకు అమ్మిన ఆ పెట్టెలో కంప్యూటర్ లేదు, జ్ఞాపకశక్తి ఉన్న చిప్పూ లేదు. నలభైకి అటూ ఇటూగా ట్రాన్సిస్టర్లు, దాదాపు అన్నే డయోడ్లు. శబ్దం రాదు. రంగుల సర్క్యూట్లు ఖర్చు తగ్గించడానికి తీసేశారు. పెట్టెతో పాటు ఆరు కార్డులు, పన్నెండు ఆటలు. ఆట మార్చాలంటే చాలాసార్లు కార్డు మార్చి గుచ్చాలి. తర్వాతి కాలపు క్యాసెట్ల అలవాటుతో చూసేవాడు కార్డులోనే ఆట దాగి ఉందనుకుంటాడు. కార్డులో ఏ పరికరమూ లేదు. ఒక కొన నుంచి మరో కొనకు వెళ్లే రాగి గీతలు మాత్రమే ఉంటాయి. పెట్టెలో విడివిడిగా ఉన్న సర్క్యూట్లలో దేన్ని దేనితో కలపాలో ఆ గీతలు నిర్ణయిస్తాయి. అంటే పన్నెండు ఆటలకు కావలసిన సమస్తమూ పెట్టెలోనే ఉంది, కార్డు తనవైపు నుంచి ఇసుమంత ద్రవ్యాన్ని కూడా కలపలేదు. చూశారా, ఆట ముందే ఉంది, కార్డు తెర తీసింది అంతే అని సాంఖ్యుడు చప్పట్లు కొట్టొచ్చు.

కానీ నైయాయికులు కారణాల్ని మూడు రకాలుగా విడదీసింది సరిగ్గా ఇలాంటి చోటు కోసమే. బట్టకు దారాలు సమవాయి కారణం. దారాల కలయిక అసమవాయి కారణం. నేతగాడు, మగ్గం నిమిత్త కారణాలు. కలయిక దారం కాదు, దానికి బరువు లేదు, ధర లేదు. అయినా అది లేకపోతే దారాల గుట్ట గుట్టగానే ఉంటుంది, బట్ట కాదు. ఒడిస్సీ కార్డు ఆ అసమవాయి కారణాన్ని చేత్తో పట్టుకునేలా చేసి చూపిస్తుంది. కలయిక ముందు లేదు, గుచ్చినప్పుడు వచ్చింది, తీస్తే పోతుంది. పుట్టుక అంటే ఇంతకన్నా ఏం కావాలి? పైగా గుచ్చినంత మాత్రాన కూడా ఆట పూర్తి కాదు. తెర మీద వచ్చేది తెల్లటి చుక్కలే. వాటి మీద పారదర్శకమైన రంగుల ప్లాస్టిక్ షీటు అతికించాలి. టీవీ గాజుకుండే స్థిరవిద్యుత్తుతో అది అంటుకుంటుంది. పిల్లీ ఎలుకల ఆటకూ దయ్యాల కొంపకూ కార్డు ఒకటే, షీటు వేరు. ఒక షీటు కింద చుక్క ఎలుక, ఇంకో షీటు కింద దయ్యం. తాడును పామనుకునే అద్వైతుల వివర్తవాదానికి ఇంత చవకైన నమూనా ఇంకోటి దొరకదు, కాకపోతే ఇక్కడ అందరూ తెలిసే భ్రమపడుతున్నారు. స్కోరు యంత్రం వేయదు, కాగితం మీద ఆటగాళ్లే వేసుకోవాలి. బంతి గీత దాటిందా లేదా అన్నది కూడా ఎదుటివాడి నిజాయితీకే వదిలేశారు. పెట్టెలో పాచికలూ పోకర్ బిళ్లలూ ఉత్తుత్తి డబ్బు నోట్లూ పెట్టి పంపింది అందుకే. ఆటలో సగం పెట్టె బయట, మనుషుల ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం ట్రాన్సిస్టర్లలో ముందే ఉందనడానికి సాంఖ్యుడికైనా నోరు రాదనుకుంటాను.

ఇప్పుడు ముందువాళ్ల సంగతి. అన్నంభట్టు కారణాన్ని నిర్వచిస్తూ, కార్యానికి ముందు తప్పకుండా ఉండాలి, అన్యథాసిద్ధం కాకూడదు అని షరతు పెట్టాడు. లేకపోయినా పని జరిగిపోయేది అన్యథాసిద్ధం. మట్టి మోసుకొచ్చిన గాడిద, కుమ్మరిని కన్న తండ్రి, శాస్త్రంలో పేరుపడ్డ ఉదాహరణలు. హిగిన్‌బాథమ్ టెన్నిస్ ఆట రెండు సందర్శనల తర్వాత విప్పేశారు. నాషువాలో నాలుగు పేజీలు రాయడానికి అది మెట్టు కాలేదు. గోల్డ్‌స్మిత్, మాన్‌ల పరికరం మార్కెట్‌కే రాలేదు. కాలంలో ముందున్నంత మాత్రాన అవి ఒడిస్సీకి కారణాలు కావు. 1977 జనవరిలో షికాగో వ్యాజ్యంలో న్యాయమూర్తి జాన్ గ్రేడీ బేర్ పేటెంటును ఈ రంగానికి ఆద్యమైనదిగా గుర్తించాడు. 1980లలో నింటెండో సంస్థ హిగిన్‌బాథమ్‌ను ముందుకు తెచ్చి పేటెంట్లను కొట్టేయించడానికి ప్రయత్నించి ఓడిపోయింది.

అయితే ఇక్కడ నైయాయికుడి మీద వచ్చే ఆక్షేపణ చిన్నది కాదు. హిగిన్‌బాథమ్ ఒడిస్సీకి కారణం కాకపోవచ్చు, కానీ తెర మీద టెన్నిస్ లేదన్న లేమి 1958లోనే తీరిపోయింది కదా? తీరిపోయిన లేమిని బేర్ మళ్లీ ఎలా తీర్చాడు? ప్రాగభావం ఒక్కొక్క వస్తువుకూ విడివిడిగా ఉంటుందని నైయాయికుడు సర్దుకోవచ్చు. కానీ అప్పుడు అమ్ముడుపోయిన మూడున్నర లక్షల ఒడిస్సీ పెట్టెల్లో ప్రతిదీ సరికొత్త సృష్టే అవుతుంది; ఫ్యాక్టరీ కార్మికుడికీ బేర్‌కీ తేడా ఉండదు. పోనీ జాతి గురించి మాట్లాడదామంటే, న్యాయదర్శనంలో జాతి నిత్యం, దానికి పుట్టుకే లేదు. నైయాయికుల ఇంట్లోనే దీనికి మందు ఉంది. ప్రతి సామాన్య లక్షణమూ జాతి కాదు, కొన్ని ముక్కలు కలిపి కట్టిన ఉపాధులు అని వాళ్లే ఒప్పుకున్నారు. ‘తెర మీద ఆట’ అనేది అలాంటి ఒక ఉపాధి. అది 1966 కన్నా పాతది. ‘ఇంట్లో అప్పటికే ఉన్న మామూలు టీవీకి సంకేతం పంపి, చూసేవాడే నడిపే ఆట’ అనేది వేరే ఉపాధి. ఆసిలోస్కోప్‌కూ లక్ష డాలర్ల కంప్యూటర్‌కూ అది వర్తించదు. దాని ముక్కలన్నీ మొదటిసారి కలిసిన చోటు, కాలం చూపించవచ్చు. కొత్తదనం వస్తువులోనూ కాదు, నిత్యమైన జాతిలోనూ కాదు, ఈ కూర్పులో ఉంటుంది. నైయాయికులు మామూలుగా చేసే సర్దుబాటు ఇది కాదని నాకు తెలుసు. కానీ ఇది లేకుండా ‘మొదటిది’ అన్న మాటకు న్యాయదర్శనంలో అర్థం చెప్పడం సాధ్యం కాదు.

బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడి వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా లోతైనది. కృష్ణాతీరపు కొండ ఒకటి ఆయన పేరుతోనే ఉంది కనుక తెలుగు పాఠకులకు ఆయన పరాయివాడు కాదు. ఏదీ తన నుంచి పుట్టదు, ఇతరం నుంచీ పుట్టదు, రెంటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అన్నాడాయన. తన నుంచి పుట్టదనేది సాంఖ్యుడికి దెబ్బ; ఇతరం నుంచి పుట్టదనేది నైయాయికుడికి. కారణం, కార్యం పూర్తిగా పరాయివైతే దేని నుంచి ఏదైనా పుట్టాలి కదా? తీరగల లేమి అని ఇందాక చెప్పుకున్నది ఈ దెబ్బను కొంత కాస్తుంది కానీ పూర్తిగా కాదు. ఆ కొంత నష్టాన్ని నేను ఒప్పుకుంటాను. బేర్ కథ కూడా ఒప్పుకోమంటుంది. నాజీలు తరమకపోతే బేర్ అమెరికాలో లేడు. మూడో చుక్క రష్ ఇచ్చింది, తీగలు హారిసన్ కలిపినవి, ఎండర్స్ ఉద్యోగం మారకపోతే పెట్టె దుకాణానికి రాదు. ఇందులో ఎవరిని తీసినా ఒడిస్సీ లేదు, ఎవరొక్కరిలోనూ ఒడిస్సీ లేదు. అయితే నాగార్జునుడు నిరాకరించింది స్వభావసిద్ధమైన పుట్టుకను. ఆధారపడి పుట్టడాన్ని ఆయన కాదనలేదు, సిద్ధాంతంగానే చెప్పాడు. మన ప్రశ్నకు అది చాలు.

ఇక్కడే నైయాయికుల ఆ ఇంకో అడుగు తడబడుతుంది. పదో శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ని సాధించడానికి చెప్పిన హేతువుల్లో మొదటిది ఇది: జగత్తు కార్యం, కార్యానికి కర్త ఉంటాడు, కాబట్టి జగత్తుకూ ఒక కర్త ఉన్నాడు. కార్యానికి కర్త ఉండాలన్నంతవరకూ ఒడిస్సీ సాక్ష్యం ఉదయనుడికే అనుకూలం. కర్త ఒక్కడే అన్న దగ్గర అది సహకరించదు. భవనాల్ని ఎందరో కడతారు కదా అని పూర్వం ప్రత్యర్థులు అడిగారు. ఏకత్వాన్ని లాఘవం కోసం, అంటే తక్కువ కల్పనతో పని జరుగుతుందని, నైయాయికులు నిలబెట్టుకున్నారు. కుండను చూస్తే ఆ లాఘవం నమ్మేలాగే ఉంటుంది. పుట్టుక పత్రాలతో సహా కళ్లముందున్న వస్తువును చూస్తే ఉండదు. ఎవరో ఒకరి పేరు పేటెంటు మీద పైన రాయడం వ్యవహారం కోసం. ఇది ఈశ్వరుడు లేడనడం కాదు. భక్తుడి ఈశ్వరుడికి ఈ అనుమానంతో పనే లేదు. కొత్తది పుడుతుందన్న నిజం నుంచి ఒక్క కర్త వైపు నేరుగా దారి లేదనడం మాత్రమే.

చివరి ఆక్షేపణ అప్పుకు సంబంధించింది. 1972 మే 24న కాలిఫోర్నియాలోని బర్లింగేమ్‌లో మాగ్నవాక్స్ ఒడిస్సీని డీలర్లకు చూపించినప్పుడు తర్వాత అటారీ కంపెనీ పెట్టిన నోలన్ బుష్నెల్ వచ్చి టేబుల్ టెన్నిస్ ఆడాడు. అతిథుల పుస్తకంలో సంతకం కూడా ఉంది. ఆ తర్వాత నెలలో ఆ కంపెనీ రిజిస్టరైంది, కొన్ని నెలల్లో అక్కడి ఇంజనీరు ఆల్ ఆల్కార్న్ చేతిలో ‘పాంగ్’ అనే బంతాట తయారైంది. మాగ్నవాక్స్ దావా వేసింది, 1976లో అటారీ రాజీపడి లైసెన్సు తీసుకుంది. అయితే పాంగ్ ఒడిస్సీలో ముందే ఉన్నట్టేనా? చూసి చేసిందేనన్నది ఋజువైన సంగతి, అప్పు నిజం. కానీ బంతి బ్యాటుకు ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి కోణం మారడం, ఆట సాగేకొద్దీ వేగం పెరగడం, స్కోరు తెర మీదే పడటం, టక్కుమనే చప్పుడు, ఇవేవీ ఒడిస్సీలో లేవు. ఒడిస్సీ పాంగ్‌కు అన్యథాసిద్ధం కాని కారణం. పాంగ్ ఒడిస్సీలో లేని కార్యం. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కావడానికి చోటివ్వని సిద్ధాంతం ఏదైనా లోపమున్నదే. 1975లో మాగ్నవాక్స్ పాత పెట్టెను ఆపేసి ఒడిస్సీ 100 తెచ్చింది. అందులో కార్డులు లేవు, ప్లాస్టిక్ షీట్లు లేవు. టెన్నిస్, హాకీ రెండే ఆటలు, చప్పుడు చేసే పెట్టె. పాంగ్ మార్కెట్‌ను అటువైపు తిప్పాక పుట్టిన యంత్రం అది. అది కూడా మొదటి ఒడిస్సీలో ఇమిడే ఉందనే సాంఖ్యుడు, బర్లింగేమ్‌లో ఇంకా పాంగ్ లేని ఆ మే నెలలో అది ఎక్కడుందో వేలుపెట్టి చూపించాలి.